ఇల్లు రెండో బడి కాదు

ప్రాథమిక తరగతుల పిల్లలున్న ఇళ్లలో సాయంత్రం నుంచి పడుకునేదాకా సాగే చదువు గురించి తెలుగునాట ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. బడి ఎంత మంచిదైనా సరే, ఇంట్లో ఎవరో ఒకరు దగ్గర కూర్చుని చదివించకపోతే పిల్లలు వెనకబడతారన్నది ఆ అభిప్రాయం. డైరీలో రాసిచ్చిన హోంవర్కును ఒక్క తప్పు లేకుండా పూర్తి చేయించాలి. పరీక్షకు ముందు ప్రశ్నజవాబులన్నీ అప్పజెప్పించుకోవాలి. తమకు కుదరకపోతే ట్యూషన్‌లో చేర్పించాలి. ఇవన్నీ చేసే తల్లిదండ్రులే బాధ్యత తెలిసినవారనీ, చేయనివారు పిల్లల భవిష్యత్తును గాలికొదిలేసినవారనీ లెక్క. పేరెంట్స్ మీటింగులో వినిపించేది ఇదే, చుట్టాలు హితవు చెప్పేదీ ఇదే. ఎంతమంది నోట విన్నా ఇది నిలబడే అభిప్రాయం కాదు. దీన్ని నమ్మి నడిచే ఇళ్లలో పిల్లలకు చదువు అబ్బడం కన్నా చదువంటే విసుగు పుట్టడమే ఎక్కువగా జరుగుతోంది.

వాదన ఏమిటి?

ఈ వాదనను ముందు దాని బలంతోనే చూడాలి. తరగతిలో నలభై మంది ఉంటే టీచరు ప్రతి పిల్లవాడి నోట్సూ శ్రద్ధగా చూడలేరు. ఇంట్లో ఒక్క పిల్లవాడిపై దృష్టి పెట్టే మనిషి ఉంటారు. ఆరేడేళ్ల పిల్లలు తమంతట తాము పుస్తకం ముందు కూర్చోరు. కూర్చునే అలవాటు పెద్దలే చేయాలి. చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు మొదటి మూడు తరగతుల్లో పట్టుబడకపోతే పై తరగతుల్లో ఏ సబ్జెక్టూ అందదు. అయిదో తరగతికి వచ్చేసరికే నవోదయ, సైనిక్ స్కూల్ ప్రవేశ పరీక్షలు ఎదురవుతాయి. వీటన్నిటికీ తోడు, చదువు వల్లే బతుకు మారిన కుటుంబాలు, చదువు లేక నష్టపోయిన కుటుంబాలు రెండూ తమ అనుభవం నుంచే ఈ మాట అంటాయి. వారి ఆరాటాన్ని తేలిక చేయడానికి లేదు.

ఈ కారణాల్లో నిజం ఉంది. పిల్లల చదువులో ఇంటికి పాత్ర ఉందని అవి రుజువు చేస్తాయి. ఆ పాత్ర బడిని సాయంత్రం మళ్లీ నడపడమే అని మాత్రం వాటిలో ఏ ఒక్కటీ రుజువు చేయదు. ఇంటికి పాత్ర ఉందన్న సరైన మాట నుంచి ఇంట్లో పాఠం చెప్పాలి, అప్పజెప్పించుకోవాలి, తప్పులు దిద్దాలి అన్న తప్పు నిర్ణయానికి దూకడంలోనే ఈ వాదన దెబ్బతింటుంది. అది ఏయే నమ్మకాల మీద ఆధారపడి ఉందో ఒక్కొక్కటిగా పరిశీలించాలి.

1. ఎక్కువ సేపు కూర్చుంటే ఎక్కువ వస్తుందన్న నమ్మకం

చిన్న వయసులో గంటలు పెంచితే చదువు పెరుగుతుందన్న లెక్కకు ఆధారం లేదు. అమెరికాలో హారిస్ కూపర్, ఆయన సహచరులు హోంవర్కుపై జరిగిన అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. హోంవర్కుకూ చదువులో ఫలితాలకూ ఉన్న సంబంధం ఏడో తరగతి నుంచి పైన బలంగా, అంతకు కింది తరగతుల్లో బలహీనంగా కనిపించింది. పదహారేళ్ల విద్యార్థికి పనికొచ్చే సాధనను ఆరేళ్ల పిల్లపై మోపితే అదే ఫలితం రాదని దీని సారం.

మన దేశంలో ప్రభుత్వ విధానం కూడా ఈ మాటే చెబుతోంది. 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి వరకు హోంవర్కు ఉండకూడదు. మూడు నుంచి అయిదో తరగతి వరకు వారానికి రెండు గంటలకు మించకూడదు. రోజుకు రెండు గంటలు కాదు, వారం మొత్తానికి రెండు గంటలు. అంతకు ముందే, 2018లో, ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు ఇవ్వరాదని మద్రాసు హైకోర్టు ఆదేశించింది. ఇన్ని ఉండగా రెండో తరగతి పిల్ల డైరీలో రోజూ నాలుగు సబ్జెక్టుల హోంవర్కు రాసి పంపే బడి మంచి బడిగా, పంపని బడి అలసత్వం చూపే బడిగా పేరు తెచ్చుకుంటున్నాయి. బడులు హోంవర్కు ఎక్కువ ఇవ్వడానికి తల్లిదండ్రుల నుంచి వచ్చే ఈ ఒత్తిడీ ఒక కారణమే.

గంటలు ఎక్కడి నుంచో ఊడిపడవు. ఉదయం తొమ్మిది నుంచి నాలుగు వరకు బడిలో ఉన్న పిల్లను మళ్లీ మూడు గంటలు పుస్తకం ముందు కూర్చోబెడితే ఆమె పనిదినం ఆఫీసుకు వెళ్లే తండ్రి పనిదినం కన్నా పొడవవుతుంది. ఆ మూడు గంటలు ఆట నుంచీ నిద్ర నుంచీ కోసుకున్నవే. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. అయిదేళ్లు దాటిన పిల్లలు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడటంలో నిద్రకు ముఖ్యమైన పాత్ర ఉంది. రాత్రి పదిన్నర దాకా చదివించి ఉదయం ఆరుకు లేపి బస్సెక్కించడమంటే నేర్చుకున్నది నిలిచే వ్యవధిని కూడా తీసేసుకోవడమే.

2. అప్పజెబితే వచ్చినట్టేనన్న నమ్మకం

పరీక్ష దగ్గరపడగానే ఇంట్లో జరిగే పని దాదాపు అంతటా ఒకటే. నోట్సులో టీచరు రాయించిన జవాబును పదిసార్లు చదివించడం, అయిదుసార్లు రాయించడం, చూడకుండా అప్పజెప్పించుకోవడం. మాట తడబడకుండా వస్తే పాఠం వచ్చినట్టు. అదే ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే నోరు పెగలదు.

దీనికి లెక్కల్లో ఒక తేలికైన ఉదాహరణ ఉంది. పద సమస్యలో ‘మిగిలాయి’ అని ఉంటే తీసివేత చేయాలని చాలా ఇళ్లలో నేర్పుతారు. ‘రాము దగ్గర కొన్ని గోలీలున్నాయి. అయిదు పోగా ఎనిమిది మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి?’ అని అడిగితే ఆ సూత్రం నేర్చిన పిల్లవాడు ఎనిమిదిలోంచి అయిదు తీసేసి మూడు అని రాస్తాడు. సూత్రం ఏమీ నేర్పని పిల్లవాడు గోలీలు ఊహించుకుని పదమూడు అంటాడు. మొదటివాడు ఆ తప్పు చేసింది ఇంట్లో చదువు తక్కువై కాదు. ఇంట్లో నేర్పిన అడ్డదారే అతణ్ని ఆలోచించనివ్వలేదు.

జ్ఞాపకం సంగతే తీసుకున్నా ఈ పద్ధతి నిలవదు. నేర్చుకున్నది ఎంత వేగంగా మరుపున పడుతుందో, వ్యవధి ఇచ్చి మళ్లీ చూసుకుంటే ఎలా నిలుస్తుందో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే ప్రయోగాలతో చూపాడు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులపై చేసిన ప్రయోగం ఇంకా స్పష్టమైనది. ఒక పాఠాన్ని కొందరు నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది మూడుసార్లు రాసుకున్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే పదేపదే చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పెడితే వారికి గుర్తున్నది 40 శాతం, పుస్తకం మూసి గుర్తు చేసుకున్నవారికి గుర్తున్నది 61 శాతం. పరీక్షకు ముందు రాత్రి గట్టిగా చదివించిన పాఠం మర్నాడు ఉదయం ఉండి, దసరా సెలవులు అయ్యేసరికి ఎందుకు పోతుందో ఈ అంకెలే చెబుతాయి. బట్టీ పెట్టించడం ఫలిస్తోందని తల్లిదండ్రులు నమ్మడానికి కారణం కూడా ఇదే. వారు చూసేది మర్నాటి మార్కులను. నష్టం బయటపడేది నెలల తర్వాత.

ఎక్కాలు, గుణింతాలు, వారాల పేర్లు నోటికి రావాలి. అందులో సందేహం లేదు. ఏడు ఎనిమిదులు యాభై ఆరని తడుముకోకుండా వస్తేనే పెద్ద లెక్కపై మనసు నిలుస్తుంది. కానీ ఎక్కాన్ని కంఠస్థం చేయడం వేరు, ‘మన పరిసరాలు’ పాఠంలోని జవాబును కామాలతో సహా కంఠస్థం చేయడం వేరు. కేంద్రం నియమించిన యశ్‌పాల్ కమిటీ 1993లో ‘భారం లేని చదువు’ పేరుతో ఇచ్చిన నివేదికలో ఈ విషయమే తేల్చి చెప్పింది. పిల్లల వీపు మీది సంచి బరువు కన్నా అర్థం కాని చదువు బరువే ఎక్కువ హాని చేస్తుందని ఆ కమిటీ నిర్ధారించింది. మూడు దశాబ్దాలు గడిచినా ఆ బరువు ఇళ్లలోనే పెరుగుతోంది.

3. తప్పుల్లేని నోట్సే మంచి నోట్సన్న నమ్మకం

రెండో తరగతి పిల్ల 52లోంచి 27 తీసివేసి 35 అని రాసిందనుకుందాం. పక్కన కూర్చున్న తండ్రి రబ్బరుతో చెరిపి 25 వేయిస్తాడు. మర్నాడు టీచరు టిక్కు పెడతారు. అందరూ సంతోషిస్తారు, పిల్లకు తీసివేత మాత్రం రాలేదు.

35 అన్న జవాబు అజాగ్రత్త కాదు. ఏడులోంచి రెండు, అయిదులోంచి రెండు తీసిందా పిల్ల. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్న నియమాన్ని తనంతట తాను కల్పించుకుంది. పదుల స్థానం నుంచి ఒక పది తెచ్చుకోవాలన్న సంగతి ఆమెకు అందలేదు. ఈ కబురు టీచరుకు చేరవేయగలిగింది ఆ తప్పు ఒక్కటే. తెలుగు చదవడంలోనూ అంతే. ‘మ’కూ ‘య’కూ తేడా పట్టలేని పిల్లవాడికి ఇంట్లో ముందుగానే చదివి వినిపించి వల్లె వేయిస్తే, తరగతిలో గడగడా ఒప్పజెబుతాడు, అతడు చదువుతున్నది అక్షరాలను కాదని ఎవరికీ తెలియదు. ఇంట్లో దిద్దిన నోట్సు ఉపాధ్యాయుణ్ని తప్పుదారి పట్టిస్తుంది, తరగతి మొత్తానికి పాఠం అర్థమైందన్న భ్రమ కలిగిస్తుంది.

ప్రాజెక్టుల పేరుతో జరిగేది దీనికన్నా అన్యాయం. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్షలు నిర్మాణాత్మక మూల్యాంకనంలో భాగమయ్యాయి. పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో టీచరు ఎప్పటికప్పుడు తెలుసుకోవడం దాని ఉద్దేశం. మూడో తరగతి పిల్లవాడి పేరుతో తల్లి రాత్రి పన్నెండింటి దాకా థర్మోకోల్ కోసి తయారుచేసిన మోడలు ఆ ఉద్దేశాన్ని చంపేస్తుంది. మార్కు పడేది తల్లి పనికి. వంకరగా కోసినా తానే అతికించి తెచ్చిన పక్క పిల్లవాడికి తక్కువ మార్కు వస్తుంది. సొంతంగా చేసిన పని తీసికట్టని ఆ ఇద్దరు పిల్లలూ ఒకే రోజు నేర్చుకుంటారు.

4. భయం ఉంటేనే చదువు వస్తుందన్న నమ్మకం

ఇంటి చదువును సమర్థించేవారు చివరికి చేరేది ఇక్కడికే. దెబ్బ వేయకపోయినా గద్దించాలంటారు, పక్కింటి పిల్లతో పోల్చాలంటారు, మార్కులు తగ్గితే ఫోను, టీవీ, సైకిలు తీసేస్తామనాలంటారు. 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. పిల్లలు భయం, ఆందోళన లేకుండా నేర్చుకునేలా చదువు ఉండాలని 29వ సెక్షన్ చెప్పింది. బడిలో చట్టవిరుద్ధమైన పని ఇంట్లో క్రమశిక్షణ ఎలా అవుతుందో ఈ వాదన చేసేవారు చెప్పాలి.

చట్టం మాట అటుంచినా, భయం పని చేయదు. లెక్క చేయాలంటే కొన్ని అంకెలను కాసేపు మనసులో నిలుపుకోవాలి. ‘తప్పయితే ఏమంటారో’ అన్న బెదురు ఆ చోటును ఆక్రమిస్తే అంకెలు జారిపోతాయి. ఇంట్లో వచ్చిన లెక్క పరీక్షలో రాకపోవడానికి తరచూ కారణం ఇదే. అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లలపై జరిపి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. లెక్కలంటే తామే భయపడే తల్లిదండ్రులు తరచుగా హోంవర్కులో సాయం చేసినప్పుడు వారి పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, లెక్కలంటే భయం పెంచుకున్నారు. అంతగా సాయం చేయని ఇళ్లలో ఆ ప్రభావం కనబడలేదు. సాయం ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న మాటకు ఇది నేరుగా అడ్డు తగిలే ఫలితం.

గద్దింపు వల్ల పిల్లలు నేర్చుకునేవి వేరే ఉన్నాయి. స్లిప్ టెస్ట్ పేపరు సంచిలో అడుగున దాచడం, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం సంగతి చివరి నిమిషంలో చెప్పడం, అర్థం కాకపోయినా ‘అర్థమైంది’ అనడం. ఈ మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. అర్థం కాలేదని చెప్పే ధైర్యం పోయిన పిల్లకు ఆ తర్వాత ఎవరూ ఏదీ నేర్పలేరు.

5. ఇంగ్లీషు రాని ఇల్లు చదువుకు పనికిరాదన్న నమ్మకం

పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు కాబట్టి ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడాలని, తెలుగులో చెబితే గందరగోళపడతారని చాలా బడులు సలహా ఇస్తాయి. దీంతో తెలుగు మీడియంలో పదో తరగతి పాసైన తల్లి తనకు ఏమీ రాదనుకుని పక్కకు తప్పుకుంటుంది. ఆమె జాగాలోకి ట్యూషన్ వస్తుంది.

పిల్ల ఆలోచించే భాషలో విషయం అర్థమైతేనే కొత్త భాషలో దానికి పేరు పెట్టుకోగలదు. నీరు ఆవిరై, మబ్బై, వానై ఎలా కురుస్తుందో పొయ్యి మీది గిన్నె మూత చూపించి తెలుగులో చెప్పిన తల్లి పిల్లకు సైన్సు పాఠం చెప్పినట్టే. ఇంగ్లీషు మాటలు మర్నాడు తరగతిలో ఆ అర్థానికి అతుక్కుంటాయి. అర్థమే లేనిచోట మాటలు అతుక్కోవడానికి ఏమీ ఉండదు. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలని విద్యా హక్కు చట్టం, వీలైనచోట కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది ఇందుకే. ఇంగ్లీషు మీడియంను విస్తరించిన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కూడా ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చువేశాయి. ఆ తెలుగు పేజీ చదవగల తల్లికి చదువు రాదనడం అబద్ధం. అక్షరాలే రాని తల్లి కూడా కథ చెప్పగలదు, కథ వినగలదు, లెక్క పెట్టించగలదు. తనకు చేతనైన భాషలో ఆమె పిల్లలతో మాట్లాడే మాటలే వారి పదసంపదకు మొదటి ఆధారం.

6. పోటీకి ఇప్పట్నుంచే తయారు చేయాలన్న నమ్మకం

ఒకటో తరగతిలో ర్యాంకులు, మూడో తరగతిలో ఒలింపియాడ్, ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ – ఈ వరుసకు ఇంట్లోనూ సన్నాహం కావాలంటారు. పదకొండేళ్ల తర్వాత రాయబోయే పరీక్షకు ఆరేళ్ల పిల్లవాణ్ని తయారు చేయవచ్చన్న ఊహలోనే తర్కం లేదు. ఆ పరీక్ష రూపం ఈలోగా మారవచ్చు, పిల్లవాడి ఇష్టం మారుతుంది. మారకుండా పనికొచ్చేవి చదివి అర్థం చేసుకోవడం, అంకెలతో చనువు, తెలియని ప్రశ్న ఎదురైనా బెదరకపోవడం. ఈ మూడూ ఫౌండేషన్ మెటీరియల్ వల్ల వచ్చేవి కావు.

చిన్న వయసులోనే నిజంగా ఎదురయ్యే పరీక్షలను చూసినా ఇదే తేలుతుంది. ఆరో తరగతి ప్రవేశానికి నవోదయ పెట్టే పరీక్షలో మార్కుల్లో సగం బొమ్మల మధ్య పోలికలు, తేడాలు పసిగట్టే మేధాశక్తి విభాగానివి. మిగతావి అంకగణితానికి, ఒక పేరా చదివి జవాబు గుర్తించే భాషా విభాగానికి. తెలుగులోనూ రాయవచ్చు. ఇందులో బట్టీ పట్టి రాసే ప్రశ్న ఒక్కటీ ఉండదు. పజిళ్లు, పేకముక్కలు, బొమ్మల కథలు, కొట్లో చిల్లర లెక్కలతో పెరిగిన పిల్లవాడికి ఈ పరీక్ష కొత్తకాదు. పరీక్షకు కొద్ది నెలల ముందు పాత ప్రశ్నపత్రాలు కొన్ని సమయం పెట్టుకుని చేస్తే ఓఎంఆర్ షీట్ నింపడం అలవాటవుతుంది. నాలుగేళ్ల ముందు నుంచి తర్ఫీదు అవసరం లేదు.

7. వెనకబడితే తప్పు ఇంటిదేనన్న నమ్మకం

ఈ అభిప్రాయం చేసే అతిపెద్ద అపకారం ఇది. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 ఫలితాల ప్రకారం గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. నలుగురిలో ముగ్గురికి పైగా చదవలేకపోతున్నప్పుడు దానికి కారణం ఇళ్లలో వెతకడం బాధ్యత నుంచి తప్పించుకోవడమే అవుతుంది. చదవడం, రాయడం నేర్పడం బడి పని. అందుకే శిక్షణ పొందిన ఉపాధ్యాయులున్నారు, అందుకే జీతాలున్నాయి, ఫీజులున్నాయి.

‘ఇంట్లో చదివించండి’ అన్న మాట డైరీలో పడిన ప్రతిసారీ తరగతిలో జరగాల్సిన పని ఒకటి ఇంటికి బదిలీ అవుతుంది. ఆ పని అందుకునే శక్తి అన్ని ఇళ్లకూ సమానంగా ఉండదు. తల్లి టీచరైన ఇంట్లో ఆ పని జరుగుతుంది. ఉదయం మిరప తోటకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చే కూలి తల్లి ఇంట్లో జరగదు. ఇల్లు వదిలి ఇటుకబట్టీల దగ్గరికి వలసపోయిన కుటుంబంలో అసలే జరగదు. ఇంటి చదువు మీద ఆధారపడిన బడి, తమ కుటుంబంలో మొదటి తరంగా చదువుకుంటున్న పిల్లలను మొదటి రోజునే వెనక్కి నెట్టేస్తుంది. ఆ తర్వాత వారి తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని ముద్ర వేస్తుంది. మధ్యతరగతి ఇళ్లలోనూ ఈ భారం మోసేది ఎక్కువగా తల్లులే. మార్కులు వస్తే పిల్లవాడు తెలివైనవాడు, తగ్గితే తల్లి పట్టించుకోలేదన్న మాటను కుటుంబాలు సహజంగా తీసుకుంటున్నాయి.

ట్యూషన్ ఈ సమస్యకు జవాబు కాదు. తరగతిలో అర్థంకాని పాఠాన్ని అదే పద్ధతిలో, అలిసిన వేళ, డబ్బిచ్చి రెండోసారి వినడమే చాలా ట్యూషన్లలో జరిగేది. విద్యా హక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని నిషేధించింది. పగలు పని పూర్తయితే సాయంత్రం దుకాణం అక్కరలేదన్నది ఆ నిషేధం వెనకున్న న్యాయం.

8. మరి ఇంటి పని ఏమిటి?

ఈ ఖండన అంతా తల్లిదండ్రులను పక్కకు తప్పుకోమనడానికి కాదు. ఇంటికి ఇంటి పని ఉంది. పిల్ల తనంతట తాను చదువుకునే స్థితి తేవడమే ఆ పని.

మొదటిది, వేళ. బడి నుంచి రాగానే తిండి, ఆట. ఆ తర్వాత రోజూ ఒకే వేళకు, టీవీ లేనిచోట, ఇరవై నిమిషాలో అరగంటో. పెద్దలు దగ్గర్లో ఉండాలి, పెన్సిలు మాత్రం పిల్ల చేతిలోనే ఉండాలి. అడిగితే జవాబు చెప్పకుండా ‘ఇది ఎలా చేశావో చెప్పు’ అనాలి. ప్రయత్నించినా రాకపోతే అక్కడితో ఆపించి, ‘ఈ లెక్క రాలేదు, చూడగలరు’ అని డైరీలో రాసి పంపాలి. ఆ ఒక్క వాక్యం టీచరుకు దిద్దిన పేజీ కన్నా ఎక్కువ ఉపయోగం.

రెండోది, చదివి వినిపించడం. పాఠ్యపుస్తకం కాని కథ ఏదైనా రోజుకు పది నిమిషాలు గట్టిగా చదివి వినిపించాలి. కూడబలుక్కుంటూ పిల్ల చదువుతుంటే ఓపికగా వినాలి. ఒత్తులు తప్పు పలికినా వాక్యం మధ్యలో ఆపకూడదు. చదవడం అంటే ఇష్టం పుట్టేది ఈ పది నిమిషాల్లోనే.

మూడోది, పరీక్ష. పరీక్ష వారం ముందుగా తెలిస్తే రోజుకు కొంచెం చొప్పున విడదీయాలి. పాఠం ఒకసారి చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది తన మాటల్లో చెప్పమనాలి, లేదా బొమ్మ వేయమనాలి. రెండు రోజులాగి మళ్లీ అడగాలి. ముందు రాత్రి కొత్త పాఠం ముట్టుకోకుండా వేళకు పడుకోబెట్టాలి. పేపరు ఇంటికి వచ్చాక మార్కుల కన్నా ముందు తప్పుపోయిన ప్రశ్నలు చూడాలి. అవి ఎందుకు తప్పాయో పిల్ల చెప్పగలిగితే ఆ పరీక్ష ప్రయోజనం నెరవేరినట్టే.

నాలుగోది, బడిని అడగడం. రెండో తరగతికి రోజూ హోంవర్కు ఎందుకిస్తున్నారని, ప్రాజెక్టులు తరగతిలోనే ఎందుకు చేయించరని, తన పిల్లకు చదవడం వచ్చిందో లేదో ఎలా చూశారని పేరెంట్స్ మీటింగులో అడగడం తల్లిదండ్రుల హక్కు. మార్కుల కోసం పిల్లను నిలదీసే గొంతును ఆ సమావేశంలో బడి వైపు తిప్పాలి.

ఇంట్లో చదివించకపోతే పిల్లలు వెనకబడతారన్న మాట బడిని బాధ్యత నుంచి తప్పిస్తోంది, తల్లులను నేరస్థులను చేస్తోంది, పిల్లల నుంచి నిద్రనూ ఆటనూ తీసుకుని బదులుగా వారం నిలవని మార్కులిస్తోంది. దాన్ని నమ్మడం మానుకోవాలి. బోధన బడి బాధ్యత; ధైర్యం, మాట, కథ, నిద్ర ఇంటి బాధ్యత. తల్లిదండ్రులు ఈ రెండోదాన్ని పూర్తిగా నెరవేర్చి, మొదటిదాన్ని బడి నుంచి గట్టిగా రాబట్టుకోవాలి.